నీళ్ల జడ ఫొటోలో నిలవాలంటే షట్టర్ ఎంతసేపు తెరవాలి?

లెక్కల_టీచరు, కాకినాడ
ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మ పుట్టింది దేవీపట్నం వైపు, గోదావరి ఒడ్డునున్న ఊళ్లో. పోలవరం ముంపులో ఆ ఊరు ఖాళీ అయిపోయింది. ఇదిగో మా ఇల్లు అని చూపించడానికి ఇప్పుడు గోడ కూడా లేదు. అమ్మ మాటల్లో మాత్రం ఊరి పక్క వాగు ఇంకా పారుతూనే ఉంటుంది. "కొండ దిగి పెద్ద రాయి దగ్గరకొచ్చేసరికి నీళ్లు మూడు పాయలయ్యేవే. రాయి దాటాక మళ్లీ ఒకదాని మీంచి ఒకటి కలిసిపోయేవి. అచ్చం జడ అల్లినట్టు ఉండేది" అంటుంది. చిన్నప్పుడు నాకు జడ వేస్తూ చెప్పేది ఈ మాట. ఇప్పుడు నేను అమ్మకు జడ వేస్తుంటే చెబుతోంది.

ఆ వాగును ఎలాగూ తేలేను. అవే కొండల్లో అలాంటి వాగు ఒకటి ఫొటో తీసి, పెద్దగా ప్రింట్ చేయించి, అమ్మ మంచానికి ఎదురుగా గోడకు పెట్టాలని ఉంది. అమ్మకు మోకాళ్లు అరిగిపోయి రెండేళ్లయింది. రాళ్ల మీద నడిచి వాగు దాకా రాలేదు.

అక్టోబరు రెండో ఆదివారం మారేడుమిల్లి వెళ్లాం. ఊరు దాటాక ఘాట్ రోడ్డు పక్కన కిందికి దిగితే అమ్మ చెప్పినట్టే ఒక రాయి, దాని చుట్టూ నీళ్లు చీలి కలిసే చోటు దొరికింది. నా దగ్గరున్నది నికాన్ డీ5600, 18-140 లెన్స్. మా చిన్నాన్న కొడుకు వాడి ఇచ్చినవి. ట్రైపాడ్ ఉంది. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు తిప్పితే చీకటి పెరిగే వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి కొన్నాను. ఉదయం 11:30కి తీశాను. ఐఎస్ఓ 100 (కెమెరా వెలుగును పట్టే గుణం తక్కువలో), ఎఫ్22 (లెన్స్ కంత బాగా చిన్నగా), ఫిల్టర్ చివరిదాకా తిప్పి 10 సెకన్లు.

వచ్చిన ఫొటోలో నీళ్లు లేవు. రాళ్ల మధ్య తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. పైగా ఫొటో మొత్తానికి అడ్డంగా నల్లటి ఇంటూ గుర్తులాంటి నీడ పడింది. రాయి మీది గరుకు కూడా మెత్తగా, అలుక్కుపోయినట్టు వచ్చింది. ఇంటికొచ్చి టీవీలో పెట్టి అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, "మంచు పట్టిందేంటే అక్కడ? నీళ్లేవీ?" అంది.

అప్పటినుంచి మనసు మనసులో లేదు. చూసిన వీడియోలన్నిటిలో ఎంత ఎక్కువసేపు తెరిస్తే అంత బాగుంటుందని చెబుతున్నారు. నాకు పట్టులాంటి నీళ్లు వద్దు. పాయలు కనిపించాలి. వాటిని కదులుతున్నట్టే చూపించాలి. దానికి ఎన్ని సెకన్లు పెట్టాలి? ఒక లెక్కంటూ ఉందా, లేక ప్రతిసారీ తీసి చూసుకోవాల్సిందేనా?

---

పాత_స్టూడియో, రాజమండ్రి
ఆదివారం రాత్రి 11:15

అమ్మా, నీ ప్రశ్న చదివి కాసేపు ఊరికే కూర్చున్నాను. మీ అమ్మగారు చెప్పిన జడ మాట నాలాంటివాడు ముప్పై ఏళ్ల పైన ఫొటోలు తీసి తెలుసుకున్న విషయం. ఆవిడ కంటితో చూసి చెప్పేశారు.

లెక్క ఉంది. కానీ అది కెమెరా దగ్గర మొదలు కాదు, నీళ్ల దగ్గర మొదలవుతుంది.

ముందు ఒకటి గమనించు. నీళ్లకు సొంతంగా గీత లేదు. ఫొటోలో మనకు కనిపించే పాయలు గీసేది నురగ, నీటి మీద మెరిసే ఆకాశపు వెలుగు. ఒక నురగ చుక్క షట్టర్ తెరిచి ఉన్నంతసేపు ఎంత దూరం పోతే అంత పొడవు గీత పడుతుంది. గీత మరీ పొట్టిగా ఉంటే నీళ్లు గాజుముక్కల్లా గడ్డకట్టి కనిపిస్తాయి. మరీ పొడవైతే గీతల మీద గీతలు పడి అన్నీ కలిసి పొగమంచు అవుతాయి. ఈ రెండిటికీ మధ్య ఎక్కడ ఆగాలన్నదే నీ ప్రశ్న.

వాగు ఒడ్డున నిలబడి ఎండుటాకు ఒకటి వెయ్యి. నువ్వు ఫొటో తీసే చోటే వెయ్యాలి సుమా, గట్టు వారన కాదు. అంచున నీళ్లు నేలకు, రాళ్లకు రాసుకుంటూ నెమ్మదిగా పోతాయి, మధ్యలో వడి ఎక్కువ. ఆ ఆకు సెకనుకు ఎంత దూరం పోతోందో చూడు. అలాంటి చిన్న వాగులో సెకనుకు ఒక మీటరు అనుకుందాం. నీ ఫ్రేములో నీళ్లున్న చోట అడ్డంగా రెండు మీటర్లు పడుతోంది అనుకుందాం. పావు సెకను తెరిస్తే నురగ పావు మీటరు పోతుంది, అంటే ఫ్రేములో ఎనిమిదో వంతు. అర సెకనైతే నాలుగో వంతు. నా అనుభవంలో జడ నిలిచేది ఈ ఎనిమిదికీ నాలుగుకీ మధ్యే. రెండు సెకన్లిస్తే చుక్క ఫ్రేము ఈ కొసనుంచి ఆ కొసకు పోతుంది. నువ్విచ్చింది పది సెకన్లు. ఒక చుక్క ఫ్రేములోంచి వెళ్లిపోయింది, దాని వెనక ఇంకో నాలుగు వచ్చి వెళ్లిపోయాయి. ఒక్క పాయ గుర్తైనా ఎలా మిగులుతుంది? మీ అమ్మగారికి మంచు కనిపించడంలో తప్పు లేదు.

అందుకే "నీళ్లకు ఇన్ని సెకన్లు" అని ఎవరైనా ఒకే అంకె చెబితే నమ్మకు. అదే వాగును దూరంనుంచి వెడల్పుగా తీస్తే గీత ఫ్రేములో చిన్నదవుతుంది, ఎక్కువసేపు తెరవచ్చు. జూమ్ చేసి రాయి ఒక్కటే తీస్తే తక్కువసేపు చాలు. నీళ్లు నీకు అడ్డంగా పోతుంటే గీత పూర్తి పొడవు వస్తుంది, నీ మీదికే వస్తుంటే పొట్టిగా పడుతుంది.

ఈ విషయం నాకు 1986 ఆగస్టు వరదలో తెలిసింది. అప్పుడు నాకు 19 ఏళ్లు, మా గురువుగారి స్టూడియోలో సహాయకుడిని. భద్రాచలంలో 75 అడుగులు దాటిన వరద అది. మూడో ప్రమాద హెచ్చరికే అక్కడ 53 అడుగులకు ఇస్తారు, దాన్ని బట్టి ఊహించుకో. రాజమండ్రిలో గట్టు మీద జనమంతా నిలబడి నదినే చూస్తున్నారు, ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. హేవలాక్ వంతెన స్తంభాల దగ్గర నీళ్లు లేచి పడుతున్నాయి. నేను 1/250 సెకనులో ఒక రీలు మొత్తం కొట్టేశాను. కడిగి చూస్తే ఏముంది, దున్నిన చేనులా గడ్డలు గడ్డలుగా నిలిచిపోయిన నీళ్లు. అంత భయంకరమైన వడిలో రవ్వంత కూడా ఫొటోలోకి రాలేదు. మా గురువుగారు సాయంత్రం వెలుగు తగ్గాక ట్రైపాడ్ వేసి అర సెకనులో ఒక్కటంటే ఒక్కటే తీశారు. స్తంభం వెనక నీళ్లు దువ్వెనతో దువ్వినట్టు చీలి, దిగువన మళ్లీ మెలిపడి కలుస్తున్నాయి. ఆ ప్రింటు చూస్తుంటే చెవుల్లో హోరు వినిపించింది. ఇప్పటికీ నా గదిలో ఉంది.

అదే గోదావరిని వేసవిలో, గాలి లేని రోజున 30 సెకన్లు తీస్తే ఏమీ కాదు. అద్దంలా పరుచుకుంటుంది, అంతే. నురగ లేదు, అడ్డం లేదు, ఇక గీత ఎక్కణ్నుంచి వస్తుంది? పెద్ద నదిని తీయాలన్నా స్తంభమో, రేవు మెట్టో, ధవళేశ్వరం బ్యారేజీ గేట్ల దిగువో చూసుకోవాలి. నీళ్లు దేన్నో ఒకదాన్ని తాకాలి. నీకు రాయి దొరికింది కాబట్టి సగం పని అయిపోయినట్టే.

మళ్లీ వెళ్లు తల్లీ. ఈసారి ఆకు వేసి చూడు.

---

కొండవాలు, హైదరాబాద్
సోమవారం ఉదయం 7:05

పెద్దాయన అసలు విషయం చెప్పేశారు. నేను సామాను సంగతి చెబుతానండీ, ఎందుకంటే మీకొచ్చిన ఆ నల్ల ఇంటూ గుర్తు, మెత్తదనం రెండూ మీ తప్పు కాదు.

వేరియబుల్ ఎన్‌డీ అంటే లోపల రెండు పోలరైజర్ అద్దాలు, అంటే ఒక దిశలో ఊగే వెలుగునే పోనిచ్చే అద్దాలు. ఒకదాన్ని రెండోదాని మీద తిప్పుతుంటే వెలుగు తగ్గుతూ వస్తుంది. చివరిదాకా తిప్పితే ఫ్రేము అంతటా సమంగా తగ్గదు, ఇంటూ ఆకారంలో మచ్చ పడుతుంది. వెడల్పు లెన్స్‌లో ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఖరీదైన వాటిలో కూడా చివరి కొసకు వెళ్తే ఈ తంటా ఉంటుంది. అందుకే గుర్తు పెట్టిన చోటికి ముందే ఆపమంటారు. మీ పనికి మామూలు ఎన్‌డీ, అంటే తిప్పే పని లేని నల్లద్దం ఒకటి చాలు. మీ 18-140 లెన్స్‌కి 67 మిల్లీమీటర్ల సైజు.

మెత్తదనం ఎఫ్22 వల్ల. 35 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్22 పెడితే వెలుగు దూరే కంత వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్ల పైన ఉంటుందంతే, ఇంచుమించు ఆవగింజంత. అంత చిన్న కంతలోంచి దూరిన వెలుగు అంచుల దగ్గర విస్తరించి పరుచుకుంటుంది. ఫోకస్ ఎంత బాగా పెట్టినా రాయి మీది గరుకు పోతుంది. మీ కెమెరా సెన్సర్ సైజుకి ఎఫ్8, ఎఫ్11 మధ్య ఉండండి. వెలుగు తగ్గించాలంటే ఫిల్టర్ వాడండి, లేదంటే వేళ మార్చండి.

వేళ మార్చడమే మేలని నా ఉద్దేశం. 11:30కి చెట్ల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఎండ పడిన నురగ పూర్తిగా తెల్లబోతుంది, నీడలో ఉన్న రాయి నల్లబడుతుంది. ఏ ఎక్స్‌పోజర్ ఇచ్చినా ఏదో ఒకటి పోతుంది. తెల్లారాక గంటలోపు, లేకపోతే మబ్బు రోజు వెళ్లండి. అడవిలో ఆ వేళకి ఐఎస్ఓ 100, ఎఫ్11 దగ్గర షట్టర్ 1/15 సెకను అటూ ఇటూగా వస్తుంది. మామూలు పోలరైజర్ ఒకటి పెడితే రెండు స్టాపుల దాకా వెలుగు తింటుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). 1/15 కాస్తా 1/4 అవుతుంది. పెద్దాయన చెప్పిన పావు సెకను చేతికి వచ్చేసింది, ఎన్‌డీ అక్కర్లేదు కూడా. అదే మధ్యాహ్నం ఎఫ్11 దగ్గర 1/200 వస్తుంటే పావు సెకను దరిదాపుల్లోకి రావడానికి ఆరు స్టాపుల ఎన్‌డీ64 కావాలి.

పోలరైజర్ గురించి ఒక మాట, ఇది చాలామంది చెప్పరు. దాన్ని తిప్పుతుంటే తడి రాళ్ల మీది మెరుపు పోయి, రాయి అసలు రంగు బయటికి వస్తుంది. ఎంత బాగుంటుందో. ఆ సంబరంలో పూర్తిగా తిప్పేస్తాం. అప్పుడు నీళ్ల మీది ఆకాశపు మెరుపు కూడా పోతుంది. పాయల గీతలు గీసేదాంట్లో సగం ఆ మెరుపే కదా! నురగ తెలుపు ఉంటుంది కానీ, నురగ లేని చోట నీళ్లు చచ్చిపోయినట్టు కనిపిస్తాయి. కాబట్టి రాయి మీద మెరుపు తగ్గుతూ, నీళ్ల మీద ఇంకా మిగిలి ఉన్న చోట ఆపండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ నెమ్మదిగా తిప్పితే ఆ చోటు తెలుస్తుంది.

ఇక ట్రైపాడ్. నడిమి గొట్టం పైకి లేపకండి, అది లేచిన కొద్దీ ఊగుతుంది. కాళ్లు నీళ్లలో పెట్టాల్సి వస్తే ఇసుకలో కాకుండా రాతి మీద ఆనేలా చూడండి. బరువు కోసం బ్యాగు వేలాడదీస్తే అది గాలికి ఊగకుండా నేలకు కాస్త తగిలి ఉండాలి. లెన్స్ మీద వీఆర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆఫ్ చేయండి. ఫోకస్ రాయి మీద పెట్టి, మాన్యువల్‌కి మార్చేయండి. సెల్ఫ్ టైమర్ రెండు సెకన్లు పెట్టి చెయ్యి తీసేయండి. తీశాక హిస్టోగ్రామ్ (ఫొటోలో నీడలు ఎడమకు, వెలుగులు కుడికి చూపే గ్రాఫు) చూడండి, కుడి గోడకు ఆనుకుపోయి ఉంటే నురగలో వివరం పోయినట్టే. నేను వాగుల దగ్గర ముందే ఎక్స్‌పోజర్ మైనస్ 0.7, అంటే కాస్త చీకటి వైపు పెట్టుకుంటాను. రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వివరమంతా ఉంచే ఫైలు) తీయండి, నీడలు తర్వాత లేపుకోవచ్చు. పోయిన తెలుపు మాత్రం ఎవరు దిగొచ్చినా తేలేరు.

---

బీటెక్_మూడో_ఏడు, విజయవాడ
సోమవారం మధ్యాహ్నం 1:30

సార్, నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. ఈ జడ సంగతి చదివాక నాకూ తీయాలనిపిస్తోంది. ఐఫోన్ లైవ్ ఫొటోలో లాంగ్ ఎక్స్‌పోజర్ పెడితే నాకూ పాలలాగే వస్తున్నాయి. ఫోన్‌లో సెకను తగ్గించే దారి ఏమైనా ఉందా?

---

కొండవాలు, హైదరాబాద్
సోమవారం మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, లైవ్ ఫొటో నువ్వు నొక్కడానికి ఒకటిన్నర సెకన్ల ముందు, నొక్కాక ఒకటిన్నర సెకన్లు రికార్డు చేస్తుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే ఆ మూడు సెకన్లనూ కలిపేయడమే. అందుకే దగ్గరి వాగులో పాలు. అందులో సమయం నీ చేతిలో లేదు. రెండు దారులున్నాయి. ఒకటి, వెనక్కి జరిగి వెడల్పుగా తియ్యి. గీత ఫ్రేములో పొట్టిగా పడుతుంది, మూడు సెకన్లైనా పాయ కాస్త నిలుస్తుంది. రెండు, షట్టర్ స్పీడ్ చేత్తో పెట్టుకునే కెమెరా యాప్‌లో 1/15 పెట్టి, ఫోన్‌ను రాయికి ఆనించి, వరసగా ఓ ఆరు ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో సగటు తీయించు. ఆరు కలిస్తే 0.4 సెకను తెరిచినట్టు ఉంటుంది. ఫొటోకీ ఫొటోకీ మధ్య ఖాళీ ఎక్కువైతే గీత పూసలదండలా తెగుతుంది, అందుకని వీలైనంత వేగంగా తీయాలి. తెల్లవారుజామునే వెళ్లు. చాలా ఫోన్ల లెన్స్‌కి కంత మూసే వీలు లేదు, ఎండలో 1/15 పెడితే తెల్లకాగితమే.

---

వాగు_ఒడ్డు, మారేడుమిల్లి
సోమవారం రాత్రి 8:50

అక్కా, మీరు దిగిన చోటు నాకు తెలిసిందనుకుంటా. మాది ఇక్కడే. ఫొటోల సంగతి నాకు తెలీదు కానీ ఆ వాగు సంగతి చెప్పాలి. ఇంతమంది ఇన్ని చెప్పారు, ఇది ఎవరూ చెప్పలేదు.

మీరు నిలబడిన చోట ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడుతూ ఉండొచ్చు. నీళ్లు పెరిగేముందు చిన్న గుర్తులుంటాయి. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. ఎండుటాకులు, పుల్లలు ఒక్కసారిగా ఎక్కువగా కొట్టుకొస్తాయి. చప్పుడు మారుతుంది, గలగల పోయి బరువుగా వస్తుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ట్రైపాడ్ మడిచే పని కూడా పెట్టుకోవద్దు, ఎత్తుకుని గట్టెక్కేయండి. దిగగానే నీటి అంచున ఒక రాయికి తడి ఎక్కడిదాకా ఉందో సుద్దముక్కతో గీసుకోండి. కెమెరాలో తల పెట్టినవాళ్లకి నీళ్లు బెత్తెడు లేచినా తెలీదు. గీత మునిగితే తెలుస్తుంది.

ఆ రాయికి కుడి పక్క ముదురాకుపచ్చగా ఉంటుంది చూశారా, అదంతా పాకుడు. కొత్త బూట్లయినా అక్కడ నిలవవు. ఎడమ పక్కనుంచి రండి, గరుకు రాయి ఉంటుంది. ఒక్కరే దిగొద్దు, గట్టు మీద ఒక మనిషిని ఉంచండి.

ఇంకోటి. నీళ్లు తేటగా కావాలంటే ఈ నెలాఖరులో వచ్చేయండి. జులై, ఆగస్టుల్లో కొండ మట్టి కలిసి ఎర్రగా పారతాయి. సంక్రాంతి దాటితే మూడు పాయల్లో ఒకటి ఎండిపోతుంది.

---

లెక్కల_టీచరు, కాకినాడ
రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:20

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఈ రోజు మళ్లీ వెళ్లొచ్చాం.

ముందు రోజు రాత్రే మారేడుమిల్లి చేరి అక్కడే పడుకున్నాం. 6:15కల్లా వాగు దగ్గర ఉన్నాం. మా ఆయన్ని గట్టు మీద నిలబెట్టాను, ఆయన పని సుద్దగీత చూడటం ఒక్కటే. వాగు ఒడ్డు తమ్ముడు చెప్పినట్టు ఎడమ పక్కనుంచి దిగాను. ఆ గరుకు రాయి చెప్పిన చోటే ఉంది.

కెమెరా బ్యాగులోంచి తీయకుండా ముందు ఆకులు వేశాను. మద్ది ఆకులు, అక్కడే రాలి ఉన్నాయి. మొదటిది సుడిలో పడి అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. రెండోది రాయికి అతుక్కుంది. మూడోది సరిగ్గా నడిమి పాయలో పడింది. ముందే కొలిచి పెట్టుకున్న మూడు మీటర్లను నాలుగు సెకన్లలో దాటింది. మళ్లీ రెండుసార్లు వేసి చూశాను, ఇంచుమించు అంతే. అంటే సెకనుకు 0.75 మీటరు. 50 మిల్లీమీటర్ల దగ్గర నా ఫ్రేములో అడ్డంగా మీటరున్నర పడుతోంది. ఎనిమిదో వంతంటే దాదాపు 19 సెంటీమీటర్లు, దానికి 0.25 సెకను. నాలుగో వంతుకు అర సెకను. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు కాలం, దూరం, వేగం లెక్కలు చెబుతున్నాను. ఆ లెక్కతో నీళ్లలో చెయ్యి పెట్టడం ఇదే మొదటిసారి. రేపు క్లాసులో ఇదే చెబుతాను.

వెలుగు కొండవాలుగారు చెప్పినట్టే వచ్చింది. ఎఫ్11, 1/15. పోలరైజర్ పెట్టి సగం తిప్పేసరికి 1/4. అక్కడ తీశాను. తర్వాత ఎఫ్14కి మార్చి 0.4 సెకనుతో తీశాను. ఐఎస్ఓ 200 చేసి 1/8 కూడా ఒకటి తీసుకున్నాను. మా చెల్లెలి దగ్గర తెచ్చిన ఎన్‌డీ8 (మూడు స్టాపుల ఫిల్టర్) పెట్టి 2 సెకన్లకు ఒకటి, తేడా చూడటానికి. లెన్స్ మీద తుంపర పడుతూనే ఉంది. అమ్మ పాత నూలు చీర ముక్కతో ప్రతి ఫొటోకీ తుడిచాను, దానంత మెత్తగా తుడిచే గుడ్డ ఇంకోటి లేదు. 7:20కి ఎండ మొదటి మచ్చ రాయి మీద పడింది, ఇక ఆపేశాను.

ఇంటికొచ్చి నాలుగూ వరసగా టీవీలో పెట్టాను, ఏది ఎంతసేపు తీసిందో అమ్మకు చెప్పలేదు. 1/8ది చూసి "ఉన్నాయి గానీ ఆగిపోయినట్టున్నాయి" అంది. రెండు సెకన్లది చూసి మళ్లీ అదే మాట, మంచు అని. పావు సెకనుది చూసి తలూపింది. 0.4 సెకనుది పెట్టగానే ఏమీ అనలేదు. కర్ర పట్టుకుని లేచి టీవీ దగ్గరకు నడిచింది. రాయికి ఎడమ పక్క వేలు పెట్టి నెమ్మదిగా కిందికి జరిపింది. "ఇదిగో, ఇది పైనుంచి వస్తోంది. ఇది దాని కింద దూరింది. మూడోది కనబడదు చూడు, రాయి వెనకనుంచి వచ్చి ఇక్కడ కలుస్తుంది" అంది. నేను అక్కడ గంటకు పైగా ఉన్నాను, ఫొటోను ఇరవైసార్లు చూశాను. మూడో పాయ ఫొటోలో పడిందని నాకు తెలీదు. పెద్దది చేసి చూస్తే నిజంగానే ఉంది. రాయి వెనకనుంచి సన్నటి తెల్లగీత వచ్చి మిగతా రెండిటి కింద దూరుతోంది.

పాత స్టూడియో గారూ, ఒక్క ప్రశ్న మిగిలింది. 12×18 అంగుళాల ప్రింటు వేయించాలనుకుంటున్నాను. మ్యాట్ కాగితమా, గ్లాసీయా? అమ్మ మంచానికి ఎదురు గోడ మీద పెడతాను, ఎదురుగా కిటికీ ఉంది.

---

పాత_స్టూడియో, రాజమండ్రి
ఆదివారం రాత్రి 10:55

కిటికీ ఉంటే మ్యాటే అమ్మా. గ్లాసీ వేస్తే పగలంతా ఆవిడకు కిటికీ ఊచలే కనిపిస్తాయి. ఫ్రేముకు మామూలు అద్దం కూడా పెట్టించకు, అదీ మెరుస్తుంది. మ్యాట్ లామినేషన్ చేయించి అలాగే ఫ్రేము కట్టించు. ప్రింటుకు ఇచ్చేముందు చిన్న ముక్క ఒకటి, ఆ మూడో పాయ ఉన్న చోటు, అసలు సైజులో వేయించి చూసుకో. మ్యాట్ మీద తెలుపు కాస్త అణుగుతుంది, ఆ సన్నగీత పోకూడదు. పోయినట్టనిపిస్తే ఆ చోటు ఒక్కటే కొద్దిగా వెలుగు పెంచమని ల్యాబ్‌లో చెప్పు. ఇక ఎత్తు సంగతి. ఆవిడ పడుకుని చూస్తారు కాబట్టి మామూలుగా వేలాడదీసే దానికన్నా ఒక అడుగు కిందికి కొట్టించు మేకు.